అంజినమ్మ చూపని కార్డు

సంతకం పెట్టాల్సిన ఫ్యాక్టరీ ప్రమాద విచారణ కాగితాల్లో నళినిని ఆపింది ఒక్క వాక్యం. మిగతా పదకొండు పేజీల్లోనూ రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ కొలతలు, ఫోటోలు, గంటలు, నిమిషాలు ఉన్నాయి. ఆ వాక్యం చివరి పేజీలో, సంతకాల గీతలకు కాస్త పైన ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె అలవాటుగా మనసులోనే తెలుగు చేసుకుంది. "కార్మికులకు వారి భాషలో, వారి సంస్కృతికి తగిన రీతిలో శిక్షణ ఇచ్చినప్పటికీ అంజినమ్మ అనే కార్మికురాలు ప్రమాద పరిస్థితిని కళ్లారా చూస్తూ కూడా తన దగ్గరున్న ఎర్ర కార్డును చూపలేదు."

దాని కిందే ఇంకో ముక్క. "సూపర్‌వైజరుకు ఎవరూ కార్డు చూపలేదు గనుక ప్రమాదం సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదు."

ఈ ముక్కను నళిని మూడుసార్లు చదివింది. ప్రెస్సు దిగేటప్పుడు చేతికి అడ్డుగా ఉండే ఇనుప జాలీని తీగతో వెనక్కి కట్టింది ఆ సూపర్‌వైజరే. తన చేత్తో తాను కట్టిన తీగ సంగతి ఆయనకు తెలియాలంటే ఇంకొకరు వచ్చి కార్డు చూపాలట. కోపం గొంతుదాకా వచ్చి ఆగింది. ఆమెకు కోపం ఎప్పుడూ అక్కడిదాకానే వస్తుంది.

చివరి గీత కింద ఆమె పేరు టైపు చేసి ఉంది. శిక్షణ రూపకర్త, నళిని.

అద్దాల తలుపు తోసుకుని హేమంత్‌కుమార్ వచ్చాడు. ఎలక్ట్రానిక్ సిటీలో నాలుగో అంతస్తులో ఉన్న ఈ చిన్న శిక్షణ సంస్థకు ఆయనే యజమాని. గట్టిగా మాట్లాడడు, ఎవరినీ తిట్టడు. అందువల్ల ఆయనకు ఎదురు చెప్పడం మరీ కష్టం.

"చదివావా నళినీ? రేపు రెండింటికి హెడ్డాఫీసు బిర్గిట్‌తో కాల్. ఆ లోపు నీ సైన్ అయిపోతే మనం సేఫ్."

"ఈ లాస్ట్ పేజీలో..."

"లాస్ట్ పేజీ లీగల్ వాళ్లు రాశారు. మనకేం సంబంధం లేదు. మన ట్రైనింగ్ కరెక్ట్‌గా జరిగిందన్నంత వరకే నీ సైన్." ఆయన నవ్వాడు. "నీ ఒపీనియన్ నాకు చాలా ఇంపార్టెంట్. తెలుసుగా."

"చూస్తాను సార్," అంది నళిని.

ఆమె భాషలో 'చూస్తాను' అంటే కుదరదని. ఆయనకది సరేనన్నట్టు వినిపించింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసే అంది.

* * *

ఆమె చేసే పని ఏమిటో ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు. "మా నళిని ఫ్యాక్టరీవాళ్లకు పాఠాలు రాస్తాది," అంటుంది యలహంకలో తల్లి, అడిగినవాళ్లకు. అది సగం నిజం. పాఠాలు రాసేది పై దేశాలవాళ్లు. వాటిని ఇక్కడివాళ్లకు ఒంటబట్టేలా మార్చడం నళిని పని. మాటలు మారిస్తే చాలదు. ఉదాహరణలు మార్చాలి, బొమ్మల్లో మనుషులను మార్చాలి, ఎవరు ఎవరితో ఏ గొంతుతో మాట్లాడతారో అదీ మార్చాలి. అందుకోసమే ఆమె సైకాలజీ చదివిందని హేమంత్‌కుమార్ కస్టమర్లతో చెబుతాడు. నిజానికి ఆమె సైకాలజీ చదివింది తనకోసం. పదిమందిలో తన నోరెందుకు పెగలదో తెలుసుకోవాలని. దానికి పుస్తకాల్లో నాలుగైదు పేర్లు దొరికాయి. నోరు మాత్రం పెగలలేదు.

ఈ మార్చే పని ఆమె మొదట తన మీదే చేసుకుంది. ఇంట్లో 'ఉండాది, పోతాది' అనే తెలుగు. కాలేజీలో కోస్తా నుంచి వచ్చిన ఆడపిల్లలు ఒకసారి నవ్వారు. ఆ వారంలోనే 'ఉంది, పోతుంది' పట్టుబడ్డాయి. ఇప్పుడు అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా ఒక్కోసారి 'ఉంది' అని వచ్చేస్తుంది. అవతల అమ్మ ఒక క్షణం ఆగుతుంది.

అత్తిబెలె దగ్గరి ఆ ఫ్యాక్టరీలో రేకులను ప్రెస్సు కింద పెట్టి మోటారు భాగాలు కొడతారు. ఏడాది కిందట దాన్ని డెన్మార్క్ కంపెనీ ఒకటి కొనుక్కుంది. కొన్న మొదటి నెలలోనే ఎర్ర కార్డు వచ్చింది. ప్రతి కార్మికుడి జేబులో ఒక కార్డు ఉంటుంది. ఎవరు ప్రమాదకరమైన పని చేస్తున్నా, అది మేనేజరైనా సరే, వాళ్ల ముఖానికెదురుగా దాన్ని ఎత్తి చూపాలి. చూసినవాళ్లు పని ఆపి, థాంక్స్ చెప్పాలి. అక్కడినుంచి వచ్చిన వీడియోలో నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి ఒకతె తల నెరిసిన పెద్దమనిషికి కార్డు చూపుతుంది. ఆయన నవ్వి ఆమెతో చేయి కలుపుతాడు. అక్కడ అది నిజంగానే జరుగుతుంది కాబోలు. నళిని అనుమానించలేదు.

అత్తిబెలెలో మొదటి రెండు నెలలూ ఒక్క కార్డు కూడా బయటికి రాలేదు. హెడ్డాఫీసు కంగారుపడి, మనిషికి నెలకు రెండు కార్డులు చూపి తీరాలని పెట్టింది. మూడో నెల లెక్క నూటికి నూరు వచ్చింది. ఆ తర్వాతి నెల నళిని చూడటానికి వెళ్తే, మధ్యాహ్నం క్యాంటీనులో అన్నం ముందు కూర్చుని ఒకరికొకరు కార్డులు చూపించుకుంటున్నారు.

"ఇదో, నేను నీకు చూపిస్తి. హెల్మెట్ పట్టీ వదులుగా ఉండాదని రాసుకో."

"పోయిన నెల కూడా పట్టీనే కదప్పా. ఈసారి బూటు లేసు రాయి."

"నా బూటుకి లేసే లేదు గదరా."

అందరూ నవ్వారు. నళిని కూడా నవ్వింది. ఆ తర్వాత సూపర్‌వైజర్ పెద్దమునియప్పను అడిగింది, మీకెవరైనా చూపారా అని. ఆయన మీసం సవరించుకున్నాడు. పదకొండేళ్ల కిందట ఈ ఫ్యాక్టరీ తెరిచినప్పుడు తన ఊరి చుట్టుపక్కల నుంచి ఇరవై ఆరుమందిని తెచ్చి పనిలో పెట్టినవాడు. లైనులో సగంమంది ఆయనకు ఏదో ఒక వరస.

"నాకా? నా ముఖానికి ఎర్ర రంగు చూపించి, మళ్లీ పొద్దున నాతోనే బండెక్కి పనికి వస్తారామ్మా?" అన్నాడు. కోపంగా కాదు. లోకం తీరు చెబుతున్నట్టు.

అప్పుడే నళినికి ఒక ఆలోచన వచ్చింది. ఈ మనుషులు ప్రమాదాన్ని చూస్తూ ఊరుకుంటున్నారంటే నమ్మబుద్ధి కాలేదు. పదకొండేళ్లుగా ఈ లైనులో ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. అంటే కార్డు రాకముందే ఇక్కడ ఇంకేదో ఉంది. ఆమె మూడు రోజులు లైను చివర స్టూలు వేసుకుని కూర్చుంది. మూడో రోజు అది కనిపించింది.

అంజినమ్మకు యాభై ఉంటాయి. ప్రెస్సుల వరస చివర బల్ల దగ్గర నిలబడి, దిగిన ముక్కల అంచులు వేలితో తడిమి చూడటం ఆమె పని. ఆమె కాళ్ల దగ్గర ఒక నీళ్ల బాటిలు. ఆ రోజు నాలుగో ప్రెస్సు దగ్గర ఓబులేష్ అనే కుర్రాడు ఇరుక్కున్న రేకును వేళ్లతో లాగబోతున్నాడు, పాదం ప్రెస్సును దించే పెడల్ మీదే ఉంది. పక్కనే పెద్దమునియప్ప నిలబడి కానీ కానీ అంటున్నాడు. అంజినమ్మ బాటిలు తీసుకుని నడిచి వెళ్లింది. తొందరపడలేదు. ఓబులేష్‌కూ ప్రెస్సుకూ మధ్య సగం దూరి బాటిలు చాపింది.

"తాగప్పా."

వాడు రెండు చేతులూ తీసి బాటిలు అందుకున్నాడు. తల వెనక్కి వంచి గుక్కెడు తాగాడు. పాదం దానంతటదే పెడల్ మీంచి నేలకు వచ్చింది. అంజినమ్మ వాడివంక చూడలేదు, పెద్దమునియప్పవంకా చూడలేదు. ప్రెస్సును చూసింది.

"దీనికి బేజారైనట్టుండాదన్నా," అంది.

పెద్దమునియప్ప కూడా ప్రెస్సునే చూశాడు. "ఉండాలే," అన్నాడు. "ఆపుచేసి రేకు తీయరా."

అంతే. ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. తప్పు మిషన్‌ది, దానికి మనసు బాగాలేదు. పెద్దావిడ చాపిన నీళ్లు వద్దనేవాడు ఆ లైనులో లేడు, తాగాలంటే చేతులు తీయక తప్పదు. తర్వాత నళిని అందరినీ విడివిడిగా అడిగింది. అందరికీ తెలుసు. అంజినమ్మ నీళ్లు తెచ్చిందంటే ఎక్కడో ఏదో సరిగా లేదని. దీనికి పేరేమిటని అడిగితే తెల్లబోయారు. పేరెందుకు?

నళిని పేరు పెట్టింది.

ఆ వారమంతా ఆమె నిద్రలో కూడా వాక్యాలు కూర్చుకుంది. పధ్నాలుగు పేజీల నివేదిక. 'పరోక్షంగా ఆపే పద్ధతి' అని శీర్షిక, దాని కింద బొమ్మ, బాణం గుర్తులు. ప్రతి ప్రెస్సు పక్కన ఒక బాటిలు పెట్టండి, నీళ్లిస్తే ఆగి తీరాలన్నదే నియమం చేయండి, కార్డు ఉంటే ఉండనివ్వండి. పంపేటప్పుడు ఆమె గుండె ఆనందంతో కొట్టుకుంది. అందులో కార్మికుల మేలు ఎంత, తన తెలివిని డెన్మార్క్ దాకా చూపించుకోవాలన్న ఆశ ఎంత అని అప్పుడు తూచుకోలేదు. ఇప్పుడు తూచుకుంటే తక్కెడలో రెండో పళ్లెమే కిందికి దిగుతోంది.

హెడ్డాఫీసులో భద్రత వ్యవహారాలు చూసే బిర్గిట్ నాలుగు లైన్లలో జవాబిచ్చింది. చాలా ఆసక్తికరంగా ఉంది, థాంక్స్. అయితే కరెంటు యంత్రాల పక్కన నీళ్లా? వెంటనే లైనులోంచి బాటిళ్లన్నీ తీయించండి, తాగే నీళ్లు గేటు దగ్గర మాత్రమే ఉండాలి. ఇక ప్రమాదాన్ని చుట్టుతిప్పి చెప్పడం మా విలువలకు విరుద్ధం, సూటిగా మాట్లాడటాన్నే నేర్పించండి.

నళిని దానికి ఏం రాసింది? 'థాంక్యూ, నోటెడ్' అని రాసింది.

తర్వాత వీడియోకు తెలుగు గొంతు తగిలించారు. డెన్మార్క్ అమ్మాయి నోట్లోంచి తెలుగు వచ్చింది. "ఆపండి. మీరు చేస్తున్నది సురక్షితం కాదు." అత్తిబెలెలో ఎవరూ ఎవరితోనూ అలా మాట్లాడరు. సినిమాలో పోలీసాఫీసరు కూడా మాట్లాడడు. నళిని దాన్ని నాలుగుసార్లు విని, 'అప్రూవ్డ్' అని నొక్కింది.

మూడు నెలలకు నాలుగో ప్రెస్సు ఓబులేష్ కుడిచేతి రెండు వేళ్లు తీసుకుంది.

* * *

పొద్దున్నే బస్సు పట్టుకుని ఆమె అత్తిబెలె వెళ్లింది. కాల్ రెండింటికి. ఆ లోపు అంజినమ్మను చూడాలి. ఎందుకు చూడాలో తనకే స్పష్టంగా తెలియదు. ఓదార్చడానికని అనుకుంది. దారిలో, ఓదార్పు తనకే కావాలేమో అనిపించి కిటికీలోంచి బయటికి చూసింది.

ఫ్యాక్టరీ గేటు లోపల టైమాఫీసు వరండాలో ఒక బెంచీ ఉంది. విచారణ తేలేదాకా పని ముట్టుకోకూడదు, ఇంటికీ పోకూడదు, రోజూ వచ్చి అక్కడే కూర్చోవాలని అంజినమ్మకు చెప్పారట. తొమ్మిదో రోజు. బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. వచ్చేపోయేవాళ్లు తల దించుకుని దాటిపోతున్నారు. పై జేబులోంచి ఎర్ర కార్డు ఇంకా అలాగే కనిపిస్తోంది, కొత్తగా, అంచు కూడా నలగకుండా.

"బాగుండారా మేడమ్," అంది అంజినమ్మ.

నళిని పక్కన కూర్చుంది. ఓబులేష్ ఎలా ఉన్నాడని అడిగింది.

"నిన్న వచ్చిండె. కాయితం రాయించుకోడానికి పిలిస్తే. ఐటీఐ చదివినోడు, సంతకం బాగా చేస్తాండె. ఎడమ చేతి వేలు ముద్ర వేయించుకున్న్యారు." ఆమె తన చేతులవంక చూసుకుంది. "ఆ ముద్రేసి నాపక్క చూసి నవ్వినాడు. వాడట్లా నవ్వకుండా ఉండింటే బాగుండు."

నళిని బెంచీ మీద ఇంకాస్త దగ్గరకు జరిగింది.

"ఆ రోజు ఏమైంది అంజినమ్మా?"

"అన్నీ రాసుకున్న్యారు గదా."

"వాళ్లు రాసుకున్నది కాదు."

అంజినమ్మ గోడవైపు చూస్తూ చెప్పింది. జాలీ ఇరుక్కుంది. సరుకు కోసం లారీ నిలబడి ఉంది. పెద్దమునియప్పన్న తీగ తెచ్చి కట్టాడు, ఈ లాటు వరకే కానీరా అన్నాడు. తాను చూసింది. వంగింది కూడా.

"చెయ్యి కిందికి పోయింది. బాటిలుండే చోటికి. పదకొండేండ్ల అలవాటు. యాడుండాది బాటిలు? మళ్లా జేబుకు పోయింది చెయ్యి. కార్డు పట్టుకున్న్యా. ఇంత బయటికి తీసినా." బొటనవేలితో కొలిచి చూపింది. "తీసి ఎవరికి చూపల్ల? అన్నకా? నన్ను ఈడికి తెచ్చినోడికి? ఓబులేసుకా? వాడు ఆయన మాట వింటాండాడు, వాడి తప్పేముండాది? కార్డు పట్టుకుని ఆలోచన చేస్తానే ఉండా. అంతలో అరిచినాడు."

నళిని ఆమె వైపు తిరిగింది. "ఇది మీ తప్పు కాదు. బాటిళ్లు తీయించడమే అన్యాయం. నేను ఆ రోజే వాళ్లకి..."

"మేడమ్." అంజినమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "వాళ్లకు బాటిలు సంగతి చెప్పిందెవరు?"

నళిని చూపు ఆమె కాళ్ల దగ్గరికి దిగింది.

"పదకొండేండ్లు నా కాళ్ల కాడ ఉండె అది. ఎవరికీ కనపడలే. ఎంతమంది పెద్దోళ్లు వచ్చిపోయినారు, ఇన్స్పెక్షనోళ్లు వచ్చిపోయినారు. ముసలామె నీళ్లు తాగతాదిలే అనుకుండ్రి. నువ్వొస్తివి. మంచిగా మాట్లాడితివి. మా అమ్మ మాదిరి మాట్లాడతావే అంటివి. నేను నమ్మి అన్నీ చెప్తి. నువ్వు బొమ్మ గీసి పంపిస్తివి. వాళ్లు తీసేసిరి." గొంతు పెంచలేదు. "ఏమిటికి రాస్తివి తల్లీ? మాకు తెలిసిందేదో మా కాడ ఉండనిస్తే పోయిందేముండాది నీకు?"

"మీ మంచికనే..."

"అదే అడుగుతాండా. మా మంచి మా కాడ్నే ఉండె గదా."

టైమాఫీసు గుమాస్తా తల బయటపెట్టి చూసి మళ్లీ లోపలికి పోయాడు. నళిని లేచింది. ఏదో అనాలి. క్షమించమనడం ఈ బెంచీ దగ్గర చాలా చవకబారుగా అనిపించింది. చేతులు జోడించబోయి, అదీ నటనలా ఉంటుందని ఆపుకుంది.

"వాళ్లు నన్ను సంతకం పెట్టమంటున్నారు," అంది చివరికి. "శిక్షణ బాగానే ఇచ్చామని."

"పెడితే నన్ను తీసేస్తారా?"

"తీసేస్తారు."

అంజినమ్మ తల ఊపింది. పెట్టొద్దని అడగలేదు. ఆ అడగకపోవడం బస్సులో నళిని పక్క సీట్లో కూర్చుని ఎలక్ట్రానిక్ సిటీ దాకా వచ్చింది.

* * *

తెర మీద బిర్గిట్ ముఖం. వెనక కిటికీలో వెలుతురు, మొక్క. ఫ్యాక్టరీవాళ్లు ఇద్దరు, లీగల్ మనిషి ఒకడు. ఈ గదిలో హేమంత్‌కుమార్, నళిని. మాటలన్నీ ఇంగ్లీషులో జరుగుతున్నాయి. బిర్గిట్ చెడ్డ మనిషి కాదు. ఓబులేష్ ఎలా ఉన్నాడని అడిగింది ఆమె ఒక్కతే.

లీగల్ మనిషి చివరి పేజీ చదివాడు. హేమంత్‌కుమార్ ముందుకు వంగి, "మా వైపునుంచి అంతా ఓకే. నళిని కూడా ఏకీభవిస్తోంది," అన్నాడు.

"ఆమెనే అడుగుతాను," అంది బిర్గిట్. "నళినీ, శిక్షణ ఆ కార్మికులకు తగినట్టుగానే ఉందని మీరు ఒప్పుకుంటున్నారా? మా నియమం మీకు తెలుసు. రూపకర్త ధ్రువీకరించకపోతే వ్యక్తి మీద బాధ్యత మోపలేం."

సూటి ప్రశ్న. అవును, కాదు, రెండే దారులు. నళిని నోరు తెరిచింది. మాట రాలేదు. పక్కన కూర్చున్నది హేమంత్‌కుమార్, తనకు ఉద్యోగమిచ్చిన మనిషి. ఆరేళ్లుగా పుట్టినరోజుకు కేకు తెప్పించే మనిషి. అందరిముందు ఆయన మాటను అబద్ధం చేయాలి. 'చూస్తాను' అనే మాట పెదవులదాకా వచ్చి నిలబడింది, పెంపుడు కుక్కలాగా, విశ్వాసంగా.

అప్పుడు ఆమెకు అంజినమ్మ చెయ్యి కనిపించింది. ఊహలో కాదు, తన మోచేతిలో, తన మణికట్టులో. జేబులోంచి కార్డు ఇంత బయటికి వచ్చి ఆగిన చెయ్యి. ఎందుకు లేవలేదని పన్నెండు పేజీలు అడిగిన చెయ్యి. ఇక్కడ ప్రెస్సు లేదు. లారీ లేదు. వేళ్లు తెగేది లేదు. కుర్చీ, ఏసీ, కాఫీ ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇతరులకు 'కాదని చెప్పడం ఎలా' అని పాఠం చెబుతున్న మనిషి తను. తన చెయ్యే లేవడం లేదు.

అది చూశాక ఆమెకు వచ్చిన కోపం గొంతు దగ్గర ఆగలేదు.

"ఒప్పుకోను," అంది. గొంతు వణికింది. "శిక్షణ వాళ్లకు తగినట్టు లేదు. తయారు చేసింది నేనే, అందుకే చెబుతున్నాను."

హేమంత్‌కుమార్ చేయి చాపి మైకు మూశాడు. "నళినీ, ఏం చేస్తున్నావ్? నిన్న ఓకే అన్నావుగా."

"చూస్తానన్నాను సార్."

"దాని మీనింగ్ ఏంటి మరి?"

"కుదరదని. ఆరేళ్లుగా అదే మీనింగ్ సార్. మీరెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు." ఆమె మైకు తెరిచింది. మాటలు ఇప్పుడు వరసగా వచ్చాయి, అంత బాగా కాదు, ఒకదానిమీద ఒకటి పడుతూ. "ఒక్క కాదు అనడానికి నాకు ఇంతసేపు పట్టింది, అందరూ చూశారు. అంజినమ్మకు అంతసేపు లేదు. ఆమె దగ్గర పదకొండేళ్లు పనిచేసిన పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని మీకు రాసి పంపింది నేను. అది చూసి తీయించింది మీరు. తీస్తే ఏమవుతుందో తెలిసి కూడా 'నోటెడ్' అని రాసింది మళ్లీ నేను. జాలీని తీగతో కట్టింది సూపర్‌వైజరు. ఈ నాలుగూ రాయండి, ఇప్పుడే సంతకం పెడతాను. కార్డు తీయబోయి ఆలోచనలో పడిన మనిషి ఒక్కతే దొరికిందా మీకు, పేరు రాయడానికి?"

ఫ్యాక్టరీవాళ్లలో ఒకరు కెమెరా ఆపేశారు.

బిర్గిట్ కిందికి చూసి ఏదో రాసుకుంది. "చివరి పేజీ వెనక్కి తీసుకుంటున్నాం," అంది. "కార్మికురాలిని పనిలోకి పంపండి. బాటిళ్ల విషయం నేను అప్పుడే అడిగి ఉండాల్సింది." ఆమె తలెత్తింది. ముఖంలో నిజమైన మెప్పు ఉంది. "ఇంత సూటిగా మాట్లాడినందుకు థాంక్స్, నళినీ. మేం అందరి నుంచీ కోరుకునేది ఇదే."

గెలిచానన్న ఆనందం రావాల్సిన చోట నళినికి చెంపమీద కొట్టినట్టయింది. ఇంత చెప్పినా అవతలికి చేరింది ఇదా. ఒక పిల్ల ఎట్టకేలకు తమ పాఠం ఒప్పజెప్పిందనా. తెర నల్లబడింది.

హేమంత్‌కుమార్ గట్టిగా మాట్లాడలేదు, తిట్టలేదు. సోమవారం నుంచి అత్తిబెలె పని తమ ఆఫీసులోనే పనిచేసే దీపక్ చూస్తాడని మాత్రం చెప్పాడు.

* * *

పని అప్పగించడానికి చివరిసారి ఆమె దీపక్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. చురుకైన కుర్రాడు. మంచివాడు కూడా. చేతిలో ట్యాబు, అడుగడుక్కీ ప్రశ్న.

లైను ఎప్పటిలాగే దడదడలాడుతోంది. నాలుగో ప్రెస్సుకు కొత్త జాలీ వేశారు, కొత్త మనిషిని పెట్టారు. పెద్దమునియప్ప ఆ వరసలోనే తిరుగుతున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అన్లేదు. నళినిని చూసి దండం పెట్టాడు, కళ్లు మాత్రం కలపలేదు. అంజినమ్మ తన బల్ల దగ్గర ఉంది, ముక్కల అంచులు తడుముతూ. పలకరించలేదు. కాళ్ల దగ్గర ఏమీ లేదు.

ఇద్దరూ గోడవార స్టూళ్ల మీద కూర్చున్నారు. కాసేపటికి రెండో ప్రెస్సు దగ్గర మనిషి రేకు సరిచేయడానికి జాలీ పక్కనుంచి చేయి దూర్చబోయాడు. అంజినమ్మ తల ఎత్తకుండానే, గొంతు కొంచెం పెంచి అడిగింది.

"టైమెంతయిందప్పా?"

లైనులో వాచీలు, ఫోన్లు నిషేధం. గడియారం ఉన్నది వెనక గోడకు, ఎత్తున. రెండో ప్రెస్సు మనిషి చేయి వెనక్కి తీసి, ఒళ్లంతా తిప్పి గోడకేసి చూశాడు. పాదం పెడల్ మీంచి నేలకు వచ్చింది.

"పదకొండుంబావు అక్కా."

"పదకొండుంబావా," అంది అంజినమ్మ తాపీగా. "దానికి అప్పుడే బేజారైపాయనే."

వాడు ప్రెస్సు ఆపి, స్క్రూడ్రైవర్‌తో రేకు తీశాడు.

నళిని చేతిలో పెన్ను ఉంది. ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. వేళ్లు అలవాటుగా కాగితం వెతుక్కుంటున్నాయి. వాక్యం కూడా తయారైపోయింది లోపల, శీర్షికతో సహా, చక్కగా, అందంగా. తల ఎత్తితే బల్ల అవతలినుంచి అంజినమ్మ పెన్నునే చూస్తోంది.

"మేడమ్," అన్నాడు దీపక్, "ఇందాక ఏదో జరిగింది కదా. ఆవిడ ఏదో అంది, అతను మిషన్ ఆపాడు. నోట్ చేసుకోవాలా?"

నళిని పెన్నుకు మూత పెట్టింది.

"ఏమీ లేదు," అంది. ఈసారి గొంతు వణకలేదు. "ఆమె టైమడిగుండాది. అంతే."